అత్తయ్య కుట్టిన కవర్లు

మా ప్రయోగశాలలో చిప్పులు దాచే పెట్టెలకు గుడ్డ కవర్లు కుట్టింది మా అత్తయ్య. ముప్పై ఏళ్లు చేతిసంచుల దుకాణంలో కుట్టుపని చేసిన మనిషి. దుమ్ము చొరకుండా కవర్లుంటే బాగుండునని ఒకరోజు ఇంట్లో అంటే, "కొలతలు తెచ్చిపెట్టు, అదెంత పని" అంది. వారంలో ఎనిమిది కుట్టింది. కవరు మూత దగ్గరికి తెస్తే చాలు, దానంతటదే మూసుకునేది.

ఇప్పటి కంప్యూటర్లు ఎలక్ట్రాన్లను పరుగులు పెట్టించి పని చేయించుకుంటాయి. అందుకే వేడెక్కుతాయి. మేం ఎలక్ట్రాన్ స్పిన్ మీద పని చేస్తున్నాం. అది చిన్న దిక్సూచి ముల్లులా పైకో, కిందికో చూస్తుంది. ఆ దిక్కునే గుర్తుగా వాడుకుంటే, కరెంటు తీసేసినా రాసింది చెరిగిపోదు. రేపటి కంప్యూటర్ అలా ఉండాలని మా ఆశ. ఆ ఆశ మీదే మూడేళ్లు గడిపాం. అరవై నాలుగు గడుల చిప్పులో గుర్తులు రాసి, కరెంటు తీసేసి, కవరు తొడిగిన పెట్టెలో పెట్టి వారం ఆగాం.

శుక్రవారం తీసి చూస్తే పదకొండు గడుల్లో గుర్తులు తిరగబడి ఉన్నాయి.

"సోమవారం దాకా చూద్దాం. కారణం దొరక్కపోతే ఈ పదార్థాన్ని వదిలేద్దాం" అన్నారు మా ప్రయోగశాల పెద్దాయన. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

ఇంటికి రాగానే అత్తయ్య పసిగట్టేసింది.

"ఏమైంది? ముఖం అలా వేలాడేశావు."

"చిప్పు మర్చిపోయింది అత్తయ్యా."

"అంతా మర్చిపోయిందా?"

"పదకొండు గడులు. అన్నీ ఒక్క మూలనే."

"ఏ మూల?"

కాగితం మీద పెట్టె గీసి, కుడివైపు పై మూలన చుక్కలు పెట్టాను. అత్తయ్య కళ్లద్దాలు సర్దుకుని చూసింది. మళ్లీ చూసింది.

"అక్కడే కదే బొత్తాం పెట్టింది."

"ఏ బొత్తాం?"

"మూత తెరుచుకోకుండా, లోపలి గుడ్డ కింద. సంచులకి పెడతామే, అయస్కాంతం బొత్తాం."

స్పిన్ దిక్కు తిప్పడానికి మేం వాడేది అయస్కాంతాలనే. ఏడుగురం రోజంతా వాటితోనే కుస్తీ పడతాం. ఆ ఏడుగురమూ మూత తెరిచి మూసి, "మీ అత్తగారి చెయ్యే చెయ్యి" అని మెచ్చుకున్నాం తప్ప, అదెందుకు మూసుకుంటోందో ఒక్కరికీ తట్టలేదు.

"అయితే మీ కొంప ముంచానన్నమాట" అంది అత్తయ్య నెమ్మదిగా.

"మీరేం ముంచలేదు. మేమే చూసుకోలేదు. కవర్లో లోపం అని సార్‌కి చెప్తాలెండి. ఎవరు కుట్టారన్నది ఎందుకిప్పుడు?"

"ఎవరు కుట్టారో వాళ్లకి తెలీదా ఏంటి? నా చేతి పని సంగతి నేనే చెప్పుకుంటా. నువ్వు నీళ్లు నమలకు."

సోమవారం పొద్దున్నే కత్తెర సంచిలో వేసుకుని నాతో బయల్దేరింది. పెద్దాయన ఎదురుగా కూర్చుని, కుట్టు విప్పి, బొత్తాం తీసి బల్ల మీద పెట్టింది. పక్కనున్న గుండుసూది జరుగుతూ వచ్చి దానికి అతుక్కుంది.

"తప్పు నాది బాబూ. మీ పిల్లల పనిలో వంక లేదు."

పెద్దాయన గుండుసూదిని పీకి వదిలారు, అది మళ్లీ వెళ్లి అతుక్కుంది.

"పాతికేళ్లుగా అయస్కాంతాల మీద పాఠాలు చెప్తున్నానమ్మా. ఆ మూత రోజుకి పదిసార్లు తెరిచాను."

"పాఠాలు చెప్పేవాళ్లకి సంచుల మీద ధ్యాసెక్కడుంటుంది లెండి" అంది అత్తయ్య, ఓదారుస్తున్నట్టు.

ఇంకో వారం గడువిచ్చారు. అత్తయ్య అక్కడే కూర్చుని ఎనిమిది బొత్తాలూ పీకేసి, వాటి చోట నాడాలు కుట్టింది. మేం చిప్పులో మళ్లీ గుర్తులు రాసి పెట్టాం. ఆ వారమంతా నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని గురించి అడిగినట్టు అడిగేది.

"ఎలా ఉందది?"

"మధ్యలో తెరిచి చూడకూడదత్తయ్యా."

"చూడొద్దులే. ఊరికే అడిగా."

సోమవారం తెరిచాం. అరవై నాలుగూ రాసినవి రాసినట్టే ఉన్నాయి. పెద్దాయన రెండుసార్లు కొలిపించి, "ముందు ఇంటికి ఫోన్ చెయ్యి" అన్నారు.

"అన్నీ గుర్తున్నాయా?" అంది అత్తయ్య.

"అన్నీ."

"కరెంటు లేకుండా?"

"లేకుండానే."

"వారం రోజులా! మీ మామయ్యకి పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండదు" అంది. "తొందరగా వచ్చెయ్. ఇవాళ వంట నీదే. నేను పక్కన కుర్చీ వేసుకుంటా. ఆ ఎలక్ట్రాన్ సంగతి మొదట్నించీ చెప్పు, ఈసారి సరిగ్గా వింటా."