అంచులు మధ్యకు

కిటికీ అని పేరే గాని, అది గోడకు పైన, బయటి నేలకు సమానంగా ఉన్న ఒక సందు. అందులోంచి వచ్చేపోయే వాళ్ల చెప్పులు తప్ప ఇంకేమీ కనపడవు. పొద్దున ఎనిమిదింటికి ఆ సందులోంచి పడే వెలుగుకే ఆమె దుప్పటిని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. అంచులు తెల్లగా, దిట్టంగా ఉన్నాయి. మధ్యలో మాత్రం రోగుల నడుములు ఒత్తుకుని ఒత్తుకుని జల్లెడలా పలచబడి, అవతలి గోడ మీది మేకు కూడా కనిపిస్తోంది.

"నీకింకా ఆయుష్షుందిలే" అని దుప్పటితో అంది.

మడత చూసి అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో ఒక్క లాగు లాగింది. చర్రుమని నిలువునా రెండు ముక్కలయింది. గట్టిగా ఉన్న అంచులు రెంటినీ తెచ్చి మధ్యలో కలిపి, మిషను మీద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. అరిగిన భాగం ఇక పక్కలకు పోతుంది, పరుపు కింద మడతలో దాక్కుంటుంది. ఇంకో రెండేళ్లు నిక్షేపంగా పని చేస్తుంది.

ఆ పెద్దాసుపత్రిలో ఆమె అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ అతుకులమ్మ. మొదట్లో ఎవరో ఎగతాళికి అన్నారు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ ఎగతాళి అరిగిపోయి పేరు మిగిలింది. బక్కపలచటి మనిషి. కుడి చూపుడు వేలి కొస సూది పోట్లకు మొద్దుబారి, వేడి గ్లాసు పట్టుకున్నా ఏమీ తెలియదు. ఆమె గది నేలమాళిగలో, బట్టలు ఉడకబెట్టి ఉతికే హాలుకు ఆనుకుని ఉంటుంది. గోడలకు ఎప్పుడూ చెమ్మే. ఆమెకు కరెంటు మిషను కూడా ఇచ్చారు గాని, పెద్ద ఆపరేషన్ల గదికి కావలసిన మందపాటి గుడ్డలప్పుడే దాని మూత తీస్తుంది. "రెండు కాళ్లూ ఊరికే ఉన్నాయిగా, వాటికీ పని ఉండాలి" అంటుంది.

ఆమె చేతిలో ఏ గుడ్డా ఒక్కసారితో చావదు. దుప్పటి దుప్పటిగా పనికిరాకుండా పోతే దిండు గలీబులవుతుంది. గలీబులు పాతబడితే పురిటి బిడ్డల పొత్తిగుడ్డలు. నూరు ఉతుకులు పడ్డ గుడ్డంత మెత్తన ఇంకేం ఉంటుంది? అవీ అయ్యాక నేల తుడిచే గుడ్డలు. కత్తిరించిన దారం ముక్కలు కూడా సంచిలో వేసి ఉంచుతుంది, సూదులు గుచ్చే దిళ్లలో కూరడానికి.

తొమ్మిదింటికి ఇస్త్రీ హాలు నుంచి ఇస్త్రీ మనిషి వచ్చాడు. యాభై దాటిన భారీ మనిషి, అరచేతులు రొట్టెల పెనాల్లా ఉంటాయి. పాతికేళ్ల కిందట ఆమె భర్త బతికున్న రోజుల్లో ఆయన్ని అన్నా అని పిలిచేవాడు. ఆయన పోయినా ఈమె వదినగానే ఉండిపోయింది.

"వదినా, నా నడుం కూడా మధ్యలో అరిగిపోయింది. నిలువునా చింపి అంచులు కలిపి కుట్టవూ?"

"నీ అంచులు మాత్రం ఏం బాగున్నాయని?" అంది ఆమె తల ఎత్తకుండా.

అతను నవ్వలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, "కింది గిడ్డంగి ఖాళీ చేస్తున్నారట. నీకోసం దాచి ఉంచిన చిరుగు దుప్పట్లన్నీ నాలుగింటికి లారీ ఎక్కిస్తారట. కొత్త స్టోరు ఆఫీసరు చెప్పాడు" అన్నాడు.

మిషను చక్రం ఆగింది. గిడ్డంగిలో మూడువందలకు పైగా ఉన్నాయి. ఒక్క మనిషి, ఒక్క మిషను. వచ్చేవి ఎక్కువ, కుట్టేవి తక్కువ. ఏళ్ల తరబడి పోగుపడ్డాయి. ఆమె దారం తెంపి, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మెట్లెక్కింది. మూడో మెట్టు దగ్గర ఒకసారి ఆగి ఎడమ భుజం నొక్కుకుంది. ఈ మధ్య ఆ భుజం లాగుతోంది. మిషను వల్లే అనుకుంటోంది.

స్టోరు ఆఫీసరు వచ్చి ఆరు నెలలైంది. చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"మీ మీద కోపం కాదమ్మా. ఇకనుంచి వాడి పారేసే దుప్పట్లు తెప్పిద్దామనుకుంటున్నాం. ఉతికే పని లేదు, కుట్టే పని లేదు. మీకూ నాలుగు నెలల్లో రిటైర్మెంటు. మీ తర్వాత ఈ పని చేసేవాళ్లు ఎవరున్నారు చెప్పండి?"

"పారేస్తే అవి ఎక్కడికి పోతాయి సార్?"

"ఎక్కడికేముంది, ఊరవతలకి."

"ఆ ఊరవతలే మా ఇల్లు సార్."

ఆఫీసరు చేతిలో కలం ఆగింది.

ఆమె గొంతు పెంచకుండా చెప్పింది. లారీలు వాళ్ల వీధిలోంచే పోతాయి. సాయంత్రం చెత్తకుప్పలకు నిప్పు పెడితే పొగ తలుపులు వేసినా లోపలికి వస్తుంది. ఆరేసిన బట్టల మీద మసి. పక్కింటి ముసలాయన దగ్గు విని వాళ్లు పొద్దు గడిచిందని తెలుసుకుంటారు. "నేను ఇరవై తొమ్మిదేళ్లు కుట్టింది మీ దుప్పట్లు మా వీధికి రాకుండా చూసుకోవడానికేననుకోండి" అంది.

"లారీకి చెప్పేశానమ్మా" అన్నాడతను, ఇబ్బందిగా.

"నాలుగింటికి కదా. నాలుగు దాకా టైముంది."

కిందకు దిగి ఇస్త్రీ మనిషితో, "బల్లలన్నీ ఖాళీ చెయ్" అంది.

గిడ్డంగి నుంచి మూటలు దొర్లించుకొచ్చి ఇస్త్రీ హాల్లో పోశారు. తెల్లటి కొండలా లేచింది. ఆమె ఆ కొండ ముందు నిలబడి ఒక్కో దుప్పటీ విదిలించి, వెలుగుకు పట్టి, మూడు వైపులకు విసరడం మొదలుపెట్టింది. ఒక్క చిల్లు ఉన్నవి ఇటు. మధ్య అరిగినవి అటు. అంచులు తప్ప ఏమీ మిగలనివి మూలకు. విదిలించినప్పుడల్లా నూగు లేచి ఆమె జుట్టు మీద, కనుబొమల మీద పడి, ఆమె ఉన్నదానికంటే పదేళ్లు ముసలిదానిలా కనిపించింది.

"నువ్వు చింపు. గాటు నేను పెడతా. వంకర పోయిందా, చేతులు విరుస్తా" అంది ఇస్త్రీ మనిషితో. అతని పెనాల్లాంటి చేతులు ఆ పనికి బ్రహ్మాండంగా పనికొచ్చాయి. చర్, చర్, చర్.

పన్నెండున్నరకు కూతురు ఫోను చేసింది. ఊరికి అటు చివర ఉంటుంది, ఇప్పుడు ఎనిమిదో నెల. చిన్నప్పుడు ఆసుపత్రివాళ్లు పారేయమన్న దుప్పటితో అతుకులమ్మ దానికి ఒక గౌను కుట్టింది. వీపు మీద ఆసుపత్రి ముద్ర లీలగా మిగిలిందని బళ్లో పిల్లలు "ఏ వార్డే నీది?" అని ఏడిపించారు. రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు అది. ఆనాటి నుంచి అతుకులమ్మ ఒక్క గుడ్డ పీలిక కూడా ఇంటికి తీసుకుపోలేదు.

"అన్నం తిన్నావా అమ్మా?"

"తింటాలే. పనిలో ఉన్నా."

"ఎప్పుడూ పనేనా నీకు? విను, పుట్టబోయేదానికి గుడ్డలు కొన్నా. కొత్తవి గరుగ్గా ఉన్నాయే. నీ దగ్గర మెత్తవి ఉంటాయిగా, ఉడకబెట్టినవి..." అని కూతురు కాస్త ఆగి, "ముద్ర ఉన్నా పర్లేదు" అంది.

అతుకులమ్మ చేతిలోని దుప్పటి పక్కన పెట్టి, జుట్టులోని నూగు దులుపుకుంది. "ఇక్కడివి ఇక్కడి బిడ్డలకే. నీకు నా పెద్ద దుప్పటి ఉంది, నీ కన్నా వయసులో పెద్దది. ఆదివారం వచ్చి తీసుకుపో, ముక్కలు చేసి అంచులు మడిచి పెడతా" అంది.

"నువ్వే తెచ్చివ్వచ్చుగా."

"సరే, నేనే తెస్తా" అంది.

రెండింటికి డ్యూటీలు మారాయి. పెద్ద నర్సు ఏదో గుడ్డ కోసం వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, "ఏంటక్కా ఇది, కొట్టు పెట్టావా?" అంది. సంగతి విని మళ్లీ పైకి పోయింది. పావుగంటకు ఇంటికి పోవలసిన ఆయాలు నలుగురు దిగొచ్చారు. ఒకామె ఇంట్లో కుట్టుకునే మనిషి, కరెంటు మిషను మూత తీసింది. మిగతావాళ్లు మడతలు పెట్టారు, దారాలు తెంపారు, మామూలుగా తలా ఒక మాట అనుకుంటూ డాక్టర్ల నడకలు అనుకరించి నవ్వుకున్నారు. అతుకులమ్మ నవ్వలేదు. కాళ్లు తొక్కుతూనే ఉంది. మోకాలు నొప్పెడితే రెండో కాలికి బరువు మార్చింది. భుజం లాగితే ఒకసారి తిప్పుకుంది.

నాలుగింటికి లారీ వచ్చింది. డ్రైవరు దిగి వచ్చి, ఎక్కించాల్సిన మూటలేవని అడిగాడు. అప్పటికి కుట్టు పూర్తయినవి నూటపది. చింపి, జతకట్టి, కుట్టుకు సిద్ధంగా ఉన్నవి నూట యాభై. మూల పడేసిన కుప్ప నేల తుడిచేవాళ్లు పంచుకుపోగా, గోనెసంచికి సగం పీలికలు మిగిలాయి.

"ఈ సగం సంచి కోసం లారీ ఎందుకమ్మా?" అని డ్రైవరు బుర్ర గోక్కుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత స్టోరు ఆఫీసరు దిగి వచ్చాడు. ఒక దుప్పటి తీసి, మధ్య కుట్టు మీద బొటనవేలితో రాసి చూశాడు. కుట్టు చదునుగా ఉంది, చేతికి తగల్లేదు. ఇంకోటి తీశాడు. లాగి చూశాడు.

"పురిటి వార్డుకు వాడి పారేసేవి వస్తాయమ్మా, వాటికి మాట ఇచ్చేశాను" అన్నాడు చివరికి. "మిగతా వార్డులకు వద్దని రాస్తాను. ఇవే వాడదాం."

"పురిటి వార్డు సంగతి మళ్లీ మాట్లాడదాం" అంది ఆమె.

అతనికి నవ్వొచ్చింది. "అయితే మీ తర్వాత ఎవరో ఒకరు చేయాలి కదా. ఎలా చేయాలో కాగితం మీద రాసివ్వండి."

"నాకు రాత అంతంత మాత్రం బాబూ. గుడ్డ మీద రాసిస్తా."

ఆయాలు వెళ్లిపోయారు. ఇస్త్రీ మనిషి పెట్టెలు చల్లార్చుకుని, ఇంటికి పోకుండా ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె మూరెడు గుడ్డ తీసి, దాని మీద ఎర్ర దారంతో గళ్లు గీసింది. ఒక్కో గడిలో ఒక్కో పని. మొదటి దానిలో చిన్న చిల్లుకు దారాలు అల్లి పూడ్చింది. రెండో దానిలో అతుకు. మూడో దానిలో అంచులు మధ్యకు. తర్వాత గలీబు మూల, పొత్తిగుడ్డ మడత, నేల గుడ్డ అంచు, ఆపరేషన్ల గౌన్లకు నాడాలు ఊడిన చోట రెండింతల కుట్టు. చేస్తూ అతని చేతికి సూదిచ్చి చేయించింది. అతని వేళ్లలో సూది కనపడకుండా పోయింది.

"ఇదేం చేయి నాయనా, సూదిని మింగేసింది!"

"నా వల్ల కాదు వదినా."

"ఇరవై తొమ్మిదేళ్ల కిందట నా వల్లా కాలేదు. మళ్లీ పెట్టు."

నాలుగోసారికి కుట్టు వంకర తక్కువైంది. బాగుందంటే పొగిడినట్టవుతుందని ఆమె దారం మాత్రం తెంపి ఇచ్చింది. ఏడు గళ్లు పూర్తయ్యాయి. ఎనిమిదోది చుట్టూ అంచు మడిచి ఖాళీగా వదిలేసింది.

"ఇందులో ఏంటి?"

"నేను చూడని చిరుగు నీకు దొరక్కపోదు. అప్పుడు నువ్వే కుట్టు."

గుడ్డను గోడకు తగిలించి, మిషను మీది దుమ్ము తుడిచి, దీపం ఆర్పి వెళ్లిపోయింది. బస్సెక్కలేదు, రోజూలాగే నడిచింది.

మర్నాడు ఎనిమిదింటికి గది తలుపు తీసి లేదు. పదిన్నరకు కూతురు ఇస్త్రీ మనిషికి ఫోను చేసింది. నిద్రలోనే పోయిందట. గుండె అన్నారు. మంచం పక్కన పెద్ద దుప్పటి ముక్కలు చేసి ఉందట, సగం ముక్కలకు అంచులు మడిచి ఉన్నాయట. ఆ మాట చెప్పి కూతురు ఫోను పెట్టేసింది.

వారం పాటు ఇస్త్రీ మనిషి ఆ గది వైపు వెళ్లలేదు. ఎనిమిదో రోజున కుట్టుకు సిద్ధంగా ఉన్న జతలు గుర్తొచ్చి వెళ్లాడు. కరెంటు మిషను ఆయా ముందే వచ్చి కూర్చుంది. అతను కాలి మిషను ముందు కూర్చుని, స్టూలు చాలక పక్కకు జరిగి, రెండంచులు కలిపి సూది కింద పెట్టి తొక్కాడు. మొదట దారం తెగింది. మళ్లీ ఎక్కించుకున్నాడు.

పైన సందులోంచి చెప్పులు పోతున్నాయి, వస్తున్నాయి. గోడ మీద మూరెడు గుడ్డలో ఏడు గళ్లు నిండుగా ఉన్నాయి, ఎనిమిదోది చుట్టూ శ్రద్ధగా మడిచిన అంచుతో తెల్లగా, ఖాళీగా ఉంది.