జువ్వ లేస్తే

ఆ సాయంత్రం ఫిల్మ్ నగర్‌లో, బండల ముందున్న ఖాళీ స్థలంలో పాట చివరి ముక్క తీస్తున్నారు. చెక్కలతో పెద్ద మెట్ల వేదిక కట్టి, దాని అంచు పొడవునా మట్టిలో ఇనప గొట్టాలు పాతారు. గొట్టాల నిండా పేలుడు మందు కూరి ఉంది. వేదిక మీద డాన్సర్ అమ్మాయిలు ఎగురుతున్నారు. వాళ్లలో ఫిలోమినా కూతురు స్టెఫీ ఒకతె.

డాన్సర్ల బట్టలు కుట్టడం, సెట్లో ఎక్కడైనా చిరిగితే అక్కడికక్కడే అతకడం ఫిలోమినా పని. కృష్ణానగర్‌లో ఒక్క గది ఇల్లు. నిరుడు భర్త శాంతరాజు గుండెపోటుతో పోయాడు. అన్నం ముందు కూర్చున్నవాడు ఛాతీ పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు, స్టెఫీ కళ్లెదుటే. ఆ సంగతి తల్లీకూతుళ్లు మాట్లాడుకోరు. కూతురు ఏ సెట్టుకు వెళితే ఫిలోమినా ఆ సెట్లోనే పని అడిగి చేరుతుంది, అంతే.

"ఆ గొట్టాలు ఎప్పుడు పేలతాయి హనుమంతూ?" అని మళ్లీ అడిగింది.

హనుమంతు చేతిలో ఒకే ఒక్క తారాజువ్వ ఉంది. దాన్ని వదలడమే ఆ పూటకి అతని పని.

"ఏంది ఫిలోమినమ్మా, ఎన్నిసార్లు చెప్పాలె? పాట అయిపోతది. పోరీలందరు దూరం పోతరు. గప్పుడు నేను గీ జువ్వ వదుల్త. గది చూసి బండల ఎన్క ఉన్న రాములోళ్లు వత్తి ముట్టిస్తరు."

"వాళ్లకి మనం కనబడమా?"

"ఏడ కనబడ్తం? ఆళ్లకు ఉత్త ఆకాశమే కనబడ్తది. మైకుల ఒర్రితే గీ పాటల ఇనబడదు. వాకీటాకీ బండల సందుల గరగర అంటది. జువ్వయితే గుడ్డోనికి తప్ప అందరికి తెలుస్తది."

"మా ఊళ్లో క్రిస్మస్‌కి చర్చి ముందు వదిలేవాళ్లం. పైకెళ్లి చుక్కలు రాలిస్తే చప్పట్లు కొట్టేవాళ్లం. తారాజువ్వంటే అంతే మాకు."

"గీడ గట్ల గాదు. గీడ జువ్వంటే హుకుం. లేచిందా, ముట్టియ్యాలె. ఎవడు వదిలిండు, ఎందుకు వదిలిండు అని అడిగేది లేదు."

నిజమే, పొద్దుటి నుంచీ సెట్లో అందరూ ఆ మాటనే తిప్పుతున్నారు. జువ్వకి ముందు టీ అన్నారు. జువ్వ తర్వాత భోజనాలు అన్నారు. ఎవరూ ఆకాశం వైపు చూడకుండానే అంటున్నారు.

ఫిలోమినా చూసింది. గోడ అవతల అద్దాల భవనం, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే గండం గడిచిందని అక్కడ విందు జరుగుతోంది. మేడ మీద మెడలో కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్లు ఈలలు వేస్తున్నారు. వాళ్లలో టై కట్టుకున్న ఒకడు పిట్టగోడ మీద ఖాళీ సీసా నిలబెట్టి, అందులో పొడవాటి పుల్ల దూర్చాడు.

పుల్ల చివర ఎర్ర కాగితం చుట్టిన తల ఉంది.

అదీ తారాజువ్వే. ఆమె హనుమంతు భుజం పట్టుకుని అటు తిప్పింది. అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"అయ్యో దేవుడా!" అని గోడ వైపు ఉరికాడు. "ఓ సారూ! వద్దు, వద్దు! జర ఆగుండ్రి!" మేడ మీద వాళ్ల పాట, ఇక్కడ వీళ్ల పాట. అతని గొంతు అతనికే వినిపించి ఉండదు. బండల వెనక్కి పోవాలంటే చుట్టూ తిరిగి పోవాలి.

ఫిలోమినా మేనేజర్ వెంకటేశ్వరరావు దగ్గరికి పరుగెత్తింది.

"సార్, షాట్ ఆపించండి. అక్కడ జువ్వ..."

"ఏంటమ్మా మీ గోల? ఈ కాస్త వెలుతురు కోసమే పొద్దుట్నుంచీ కాచుక్కూర్చున్నాం. కెమెరా తిరుగుతోంది."

"వాళ్ల జువ్వ చూసి మనవాళ్లు ముట్టిస్తారు సార్! పిల్లలు పైనే ఉన్నారు."

"వాళ్ల టపాకాయలు మన ఫ్రేములో పడవు లెండి." ఆయన కళ్లు వేదిక మీదే ఉన్నాయి. "షాట్లోకి అడుగు పెట్టారంటే మీకూ మీ అమ్మాయికీ ఇక పిలుపు ఉండదు. ఇప్పుడే చెప్తున్నా."

మేడ మీద టై కట్టుకున్నవాడు అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు అతణ్ణి ఎగతాళి చేశారు. మరో పుల్ల తీశాడు.

ఫిలోమినా షాట్లోకి నడిచింది. వేదిక ముందు నిలబడి "దిగండి!" అని అరిచింది. గొంతు కీచుగా వచ్చి పాటలో కలిసిపోయింది. డాన్స్ మాస్టర్ బూతులు తిడుతున్నాడు. అమ్మాయిలు నవ్వులు చెదరనీయకుండా ఎగురుతూనే ఉన్నారు, స్టెఫీ కూడా. కానీ ఆ పిల్ల కళ్లు తల్లిని వేడుకుంటున్నాయి, పరువు తీయకమ్మా అని.

స్టెఫీ ఒక్కదాన్నే లాగేస్తే మిగతా పిల్లలు పైనే ఉండిపోతారు. ఆ పిల్లల కొలతలన్నీ ఆమెకు నోటికొచ్చు.

మేడ మీద అగ్గిపుల్ల వెలిగింది.

ఆమె వేదిక దగ్గర నుంచి, గొట్టాల దగ్గర నుంచి దూరంగా, టీ పందిరి దాకా పరుగెత్తింది. స్టెఫీకి కనబడేలా ఇటు తిరిగింది. రెండు చేతులతో ఛాతీ పట్టుకుంది. శాంతరాజు ఎలా ఒరిగాడో అలాగే, పక్కకి ఒరిగి పడిపోయింది.

"అమ్మా!"

ఆ కేక పాటను దాటి వినబడింది. స్టెఫీ మెట్ల మీద నుంచి దూకింది. ఆ పిల్ల వెనక ఒకతె, ఇంకొకతె, ఆ తర్వాత అందరూ. "స్టెఫీ వాళ్లమ్మ పడిపోయింది! నీళ్లు, నీళ్లు తీసుకురండే!" గజ్జెల చప్పుడు ఫిలోమినా తల చుట్టూ మూగింది. ఆమె కళ్లు తెరవలేదు. లోపల పాదాల చప్పుడు లెక్కపెట్టుకుంటోంది, ఎవరైనా ఇంకా పైన ఉండిపోయారేమో అని.

స్సుయ్ మని ఆకాశంలో ఏదో గీసుకుంటూ పోయింది. చిన్నగా పగిలింది.

ఆ తర్వాత నేల అదిరింది. గొట్టాలన్నీ ఒక్కసారిగా నిప్పు కక్కాయి. ఇసక, చెక్క ముక్కలు పందిరి మీద వర్షంలా పడ్డాయి. పొగ పలచబడేసరికి మెట్ల చివర్లు అంటుకుని ఉన్నాయి. ఎవరో పాట ఆపేశారు.

బండల వెనక నుంచి రాములు మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "షాట్ మంచిగొచ్చిందా సార్?" అని అడిగాడు. వెంకటేశ్వరరావు కుర్చీ కోసం చేత్తో తడుముకుంటున్నాడు.

ఫిలోమినా లేచి కూర్చుంది. స్టెఫీ కాలుతున్న మెట్లను చూసింది. తల్లిని చూసింది.

"నీకేం కాలేదా?"

"లేదమ్మా."

"నాన్న అలాగే పట్టుకున్నాడు," అంది స్టెఫీ. "అచ్చం అలాగే."

"నువ్వు చూస్తేనే అందరూ దిగుతారని..." పిల్లకు ఏ మాట చెప్పినా ఆ క్షణంలో చిన్నదే అవుతుంది. చెయ్యి చాపితే స్టెఫీ వెనక్కి జరిగింది. రంగు పూసిన బుగ్గల మీద నీళ్లు చారలు కట్టాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో స్టెఫీ ఒక మూల, ఫిలోమినా ఒక మూల కూర్చున్నారు. రోడ్డు దిగుతుండగా ఏదో బండి సైలెన్సరు ఠప్పుమంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అప్పుడు స్టెఫీ, తల్లి మొహం చూడకుండానే, చెయ్యి చాపి ఆమె గుండె మీద అరచెయ్యి ఆనించింది. కృష్ణానగర్ వచ్చేదాకా తీయలేదు.