అడుగున మూసిన చిల్లు

ఇంటింటికీ పొట్లాలు చేరవేసే ఆ ఆఫీసు వెనక, రేకుల షెడ్డులో మెకానిక్ ఒక్కడే పనిచేసేవాడు. నలభై సైకిళ్ళు ఆయన చేతి మీదే నడిచేవి. లోకంలో ఆయనకి గౌరవం ఉన్నవి రెండే: ఒకటి మంచి గ్రీజు, రెండోది నోరు మూసుకుని నిలబడగల మనిషి. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఈ రెంటిలో ఏదీ కాడు. పొద్దున వేసుకున్న చొక్కా సాయంత్రానికీ నలగదు కాబట్టి రైడర్లు ఆయనకి ‘ఇస్త్రీ’ అని పేరు పెట్టుకున్నారు. మెకానిక్ ఆ పేరు కూడా వాడేవాడు కాదు. పేరు పెట్టాలన్నా లోపల ఒక మనిషి ఉండాలి కదా అనేవాడు.

వచ్చిన నెలలోనే ఇస్త్రీ సైకిళ్ళన్నిటికీ కొత్త రంగు వేయించాడు. అప్పుడే ఆయన కంట్లో పడింది ఆ చిల్లు. పెడళ్ళ మధ్య ఇరుసు తిరిగే గొట్టం ఉంటుంది, బాటమ్ బ్రాకెట్ కూర్చునే చోటు. దాని అడుగున బఠాణీ గింజంత చిల్లు. సీటు గొట్టంలోంచి జారిన వాన నీళ్ళు అక్కడికి చేరి, ఆ చిల్లులోంచే బయటికి పోతాయి. ఇస్త్రీకి మాత్రం అది నీళ్ళు లోపలికి దూరే దారిలా కనబడింది. నలభై చిల్లులకీ లప్పం పెట్టించి, పైన రంగు కొట్టించి, గొప్ప పని చేసినట్టు చేతులు దులుపుకున్నాడు.

మెకానిక్ సరిగ్గా చెప్పి ఉంటే గొడవ అక్కడితో పోయేది. చెప్పకపోలేదు. పొద్దున్నే బయలుదేరబోతున్న రైడర్లందరి ముందూ చెప్పాడు.

“సార్, మీ ఇంట్లో స్నానాలగది తూము కూడా మూసేశారా? ఈత కొడుతున్నారా ఏంటి?”

రైడర్లు పగలబడి నవ్వారు. ఇస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి. అంత నవ్వు విన్నాక లప్పం తీసేయమని ఆయన నోటితో ఆయనే ఎలా చెబుతాడు? మర్నాటికి షెడ్డు గోడ మీద సంతకంతో సహా కాగితం వెలిసింది. చిల్లులు తెరిచినవారిపై కఠిన చర్య తీసుకోబడును.

“చిల్లుకి కూడా చట్టం!” అన్నాడు మెకానిక్. కాని ఆ కాగితం చిరగకుండా చూసుకున్నాడు. ఎప్పటికైనా పనికొస్తుంది.

వానలు మొదలయ్యాయి. రోజుకో సైకిలు పెడళ్ళ దగ్గర కరకరమంటూ వచ్చేది. మెకానిక్ ఇరుసుకి రెండు పక్కలా గోళీలని పట్టి ఉంచే కప్పులు విప్పి, తుప్పు గోళీలు పారేసి, గొట్టం తుడిచి, కొత్త గ్రీజులో గోళీలు ఒక్కొక్కటే కూర్చేవాడు. ఇరుసు ఊగకూడదు, పట్టెయ్యకూడదు. వేళ్ళతో తిప్పి చూసుకుంటూ, వెంట్రుకవాసి చొప్పున కప్పు బిగించేవాడు. అంత చేసినా పది రోజుల్లో అదే సైకిలు అదే ఏడుపుతో తిరిగొచ్చేది.

ఒకసారి ఇస్త్రీ “ఇలా ఇవ్వండి, నేను విప్పి చూపిస్తాను” అని పానా లాక్కున్నాడు. పట్టుకున్నది కుడివైపు కప్పు. దాని మర ఎదురు. మిగతావన్నీ ఎటు తిప్పితే వదులవుతాయో, అది అటు తిప్పితే బిగుస్తుంది. మెకానిక్ చెప్పలేదు. చేతులు కట్టుకుని చూశాడు. ఇస్త్రీ బలమంతా పెట్టాక పానా జారి, వేలి కణుపులు గీరుకుపోయాయి.

“బాగా బిగించారు సార్. ఇంత గట్టిగా నేనెప్పుడూ బిగించలేదు” అన్నాడు మెకానిక్.

ఆయన మేనకోడలు కూడా అక్కడే రైడరు. ఆ సాయంత్రం రెండు టీలు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

“మామయ్యా, శనివారం హెడ్డాఫీసు నుంచి పెద్ద మేడం వస్తోందట. షెడ్డు పని బయటి కంపెనీకి ఇచ్చేయమని ఇస్త్రీ రాసి పంపాడు. తుప్పంతా నీ చేతకానితనమేనట.”

“రాసుకోనీ. వేళ్ళ నొప్పి తగ్గిందన్నమాట.”

“నీకు నవ్వులాటగానే ఉంటుంది. ఉద్యోగం పోతే ఈ వయసులో ఎవరిస్తారు నీకు? ఒక్కసారి పక్కకి పిలిచి మర్యాదగా చెప్పు.”

“ఆ బుర్రకి ఎక్కదే.”

“ఎప్పుడో ఎక్కింది మామయ్యా. అందరి ముందూ నువ్వు నవ్వించావు కాబట్టి ఒప్పుకోలేక చస్తున్నాడు. చిల్లుకి లప్పం ఆయన పెడితే, ఆయన నోటికి లప్పం నువ్వు పెట్టావు.”

మెకానిక్ గ్లాసు ఎప్పుడో ఖాళీ అయినట్టుంది, చూసుకోకుండా ఆమె గ్లాసు అందుకుని తాగేశాడు.

శనివారం తెల్లారినప్పటినుంచీ వాన. పెద్ద మేడం తన గొడుగు తనే మడుచుకుంటూ లోపలికి వచ్చింది. ఇస్త్రీ తుప్పు పట్టిన కప్పుని రుమాల్లో పెట్టి చూపించాడు.

“పది రోజుల కింద వేసింది మేడం. ఈయనకి గ్రీజు పెట్టడమే రాదు.”

“మీరేమంటారు?” అందామె మెకానిక్‌తో.

ఆయన నాలుక మీద నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి, ఒకదాన్ని మించింది ఒకటి. గుమ్మంలో మేనకోడలు ఆయన్నే చూస్తోంది. మింగేశాడు.

“మీ ముందే ఒకటి విప్పుతాను మేడం. ఈ సైకిలు ఇప్పుడే వానలోంచి వచ్చింది.”

మేనకోడలు తన సైకిల్ని స్టాండుకి ఎక్కించి, తడి కోటు విప్పి గోడ మేకుకి తగిలించింది. మెకానిక్ పెడళ్ళు బిగించి ఉండే క్రాంకులు తీసి, ఎడమవైపు కప్పు వదులు చేశాడు. ఇంకో చుట్టులో ఊడుతుందనగా, సరిగ్గా దాని కింద ఇస్త్రీ పాలిష్ బూట్లు కనబడ్డాయి. ఆ చుట్టు తిప్పేస్తే ఎంత హాయిగా ఉండేదో ఆయనకే తెలుసు. చెయ్యి ఆపాడు.

“సార్, ఒక్కడుగు వెనక్కి జరగండి.”

“నాకు చెప్పక్కర్లేదు. మీ పని మీరు చూసుకోండి” అని ఇస్త్రీ ఇంకో అడుగు ముందుకే వేశాడు.

కప్పు ఊడింది. గ్లాసుడు ఎర్రటి తుప్పునీళ్ళు ప్యాంటు మడత మీదుగా బూట్లలోకి దిగాయి. బయట ఎవరో కిసుక్కున నవ్వారు. మెకానిక్ తలెత్తి చూసేసరికి ఆగిపోయారు.

మేడం వంగి గొట్టం అడుగున వేలితో తడిమింది. “ఇక్కడ చిల్లుండాలి కదా? మా నాన్న సైకిలుకి ఉండేది. ఎవరు మూశారు?”

ఇస్త్రీ చూపు గోడ మీదికి పరిగెత్తింది. మెకానిక్ చూపూ అటే వెళ్ళింది. సంతకం పెట్టిన కాగితం ఉండాల్సిన చోట తడి కోటు వేలాడుతోంది. మేనకోడలు ఏమీ ఎరగనట్టు జుట్టు పిండుకుంటోంది.

“రంగు వేసేటప్పుడు మూసుకుపోయాయి మేడం” అన్నాడు మెకానిక్.

“అయితే తెరవండి. దీనికి బయటి కంపెనీ ఎందుకు?” అని ఆమె చేతిలోని కాగితాలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

షెడ్డు ఖాళీ అయ్యాక ఇస్త్రీ అడిగాడు. “నేనేనని ఎందుకు చెప్పలేదు?”

“చెప్పుకునేంత ఘనకార్యమా అది?” అని మెకానిక్ ఒక పాత స్పోక్ పుల్ల ఆయన చేతిలో పెట్టాడు. “ఇది నేను చూసుకుంటాను. ఇంకా ముప్పై తొమ్మిదున్నాయి. కిందనుంచి పొడవండి.”

ఇస్త్రీ కాసేపు పుల్లని చూసి, మొదటి సైకిలు పక్కన మోకాళ్ళ మీద కూర్చోబోయాడు. మెకానిక్ విసుగ్గా ఒక గోనెపట్టా కాలితో అటు తోశాడు.

“అది వేసుకుని కూర్చోండి సార్. మీకున్నదల్లా ఆ ప్యాంటే, అదీ పోతే ఎలా?”