మజ్జిగపులుసులో పెరుగు

ఆదివారం పొద్దున అంబిక స్టీలు గిన్నె మూత తీసి గరిటె ముంచింది. జీడిపప్పు పెరుగు జిగురులా తీగలు సాగింది. రవ్వంత నాలుకకు రాసుకుంటే ఒకటే చేదు. రెండో గిన్నె కూడా అంతే. ముందురోజు ఎండకు వంటగది కొలిమిలా కాగింది. పచ్చిమిరపకాయ తొడిమలతో ఎంత జాగ్రత్తగా తోడు పెట్టినా పెరుగు చెడిపోయింది.

సర్జాపుర రోడ్డులో ఆ హోటలు పేరు హసిరు, అంటే పచ్చదనం. పాలు, పెరుగు, నెయ్యి, తేనె మా గడప తొక్కవని గోడ మీద పెద్దక్షరాలతో రాసుంటుంది. దొడ్డబళ్ళాపురంలో తను పనిచేసే మగ్గాలు ఆగిపోయాక అంబిక ఇక్కడ వంటకు చేరి మూడేళ్ళయింది. యజమాని భరత్ ఆమెకన్నా పదేళ్ళు చిన్నవాడు. కంపెనీ ఉద్యోగం వదిలి, ఇష్టపడి పెట్టుకున్న హోటలిది.

"మధ్యాహ్నం ఇరవైమంది వస్తారక్కా. మజ్జిగపులుసు, పెరుగన్నం ఉంటాయని మాటిచ్చేసినా" అన్నాడు భరత్, గిన్నెలోకి చూస్తూ.

"ఆ రెండూ తీసేద్దాం సార్. చింతపండు పులుసు చేస్తా."

భరత్ బండి తీసుకుని బయటికి పోయాడు. అరగంటకు తిరిగొచ్చి రెండు బకెట్లు గట్టు మీద పెట్టాడు. మామూలు ఆవుపెరుగు.

"ఒక్కరోజే. నాలుక్కి తెలీదు. నువ్వు పోపు పెట్టు చాలు."

"రాసి పెట్టుకున్నాం కద సార్ గోడ మీద."

"గోడ సంగతి నేను చూసుకుంటా. నీకు చేసేది ఇష్టం లేకుంటే చెప్పు, వేరే మనిషిని పిలుస్తా."

 నలభై రెండేళ్ళకు మళ్ళీ ఇంకో వంటింటి గుమ్మంలో నిలబడి పని అడగడం అంబిక వల్ల కాదు. బూడిదగుమ్మడి ముక్కలు ఉడికించింది, కొబ్బరీ జీలకర్రా నూరింది, పెరుగు చిలికి పోసింది. ఆవు పెరుగు వాసన ఆవిరితో పాటు మొహానికి కొట్టింది.

ఒంటిగంటకు వాళ్ళొచ్చారు. పెద్దాయన జయరామప్పకు డెబ్భై నిండిన పండగ. భార్య సుబ్బలక్ష్మమ్మ, కొడుకులు, బంధువులు. ఆ ఇంటి పెద్దకోడలు వరూధినిని చూడగానే అంబిక గుమ్మం నుంచి వెనక్కి జరిగింది. బుకింగు ఆమెదని భరత్ చెప్పలేదు.

వరూధిని బడిలో టీచరు. ఎనిమిదేళ్ళుగా పాలచుక్క ముట్టలేదు. పుట్టినూరికి పోయినప్పుడు, పాలివ్వదని ఎవరో ఒక కోడెదూడను రోడ్డు పక్కన కట్టేసి పోవడం చూసిందట. ఆ దూడ మూడురోజులు అరిచిందట. ఆ సంగతి ఎప్పుడో అంబికకే చెప్పింది. హోటల్లో ఏ పలక మీద ఏం రాసినా ఆమె నమ్మదు. వచ్చిన ప్రతిసారీ వంటగది గుమ్మం దగ్గరికొచ్చి అంబికనే అడుగుతుంది.

ఇవాళ కూడా వచ్చింది.

"మా అత్తమామల్ని మొదటిసారి పిల్చుకొచ్చినా అక్కా. పాలు లేకుండా పండగేందని వారం నుంచి ఒకటే పోరు. మజ్జిగపులుసు నీ చేతిదే కదా? జీడిపప్పు పెరుగే కదా?"

భరత్ అంబిక వెనకాలే నిలబడి గ్లాసులు తుడుస్తున్నాడు. తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"అదే మేడం" అంది అంబిక.

వరూధిని నవ్వి పోయింది. అంబిక వడ్డించే కిటికీలోంచి చూస్తే ఆకులు పరిచారు, అన్నం పడింది, పులుసు గిన్నెలు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. సుబ్బలక్ష్మమ్మ ముందుగా కలుపుకుని తిన్నది.

"బాగుండాదే. అచ్చం మన ఇంట్లో మాదిరే ఉండాది" అంది కోడలితో.

వరూధిని మొహం వెలిగిపోయింది. అన్నంలో గుంట చేసి పులుసు పోసుకుంది. కలిపింది. ముద్ద ఎత్తింది.

అంబిక ఎప్పుడు బయటికొచ్చిందో ఆమెకే తెలీదు. చేతిలో గరిటె అలాగే ఉంది.

"మేడం, తినొద్దు. అది ఆవుపెరుగు."

 వరూధిని ముద్ద ఆకు మీద పెట్టింది. కానీ అది రెండో ముద్ద, అంబిక బయటికొచ్చేలోపే మొదటిది మింగేసింది.

"ఇప్పుడే అడిగినా కదక్కా నిన్ను" అంది వరూధిని. గొంతు పెంచలేదు. "నా కండ్లలోకి చూసి చెప్పినావు."

"చెప్పినా మేడం. అబద్ధం చెప్పినా."

భరత్ పరుగున వచ్చాడు. పొద్దున ఇబ్బంది వచ్చిందని, ఇలా ఎప్పుడూ జరగలేదని ఏదో మొదలుపెట్టాడు. సుబ్బలక్ష్మమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మేము పాలు తాగే వాళ్ళమేనప్పా. మాకేం కాదు. కానీ ఇంట్లో ఆ పిల్ల తినేది వేరే గిన్నెలో చేస్తాను నేను, వేరే గరిటెతో. నాకు నచ్చక పోయినా చేస్తాను. నువ్వు గోడకు రాసుకుని ఇట్ల చేస్తావా?"

 వరూధిని చేతులు కడుక్కుని తిరిగొచ్చి, అత్త పక్కన కూర్చుని, మిగతావాళ్ళు తినేదాకా నీళ్ళు తాగుతూ ఉంది. పోయేటప్పుడు వంటగది వైపు చూడలేదు.

లోపలికొచ్చి భరత్ గోడకానుకున్నాడు.

"మూడేళ్ళ పేరు పోయింది" అన్నాడు.

"నేను పోతాను సార్" అంది అంబిక, నడుముకున్న గుడ్డ విప్పుతూ. "మీరు పిలిచే మనిషిని పిల్చుకోండి."

అతను మిగిలిన పెరుగు బకెట్ ఎత్తుకుని వెనక తలుపులోంచి బయటికి పోయాడు. ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు.

"సాయంత్రానికి రవ్వ ఉప్పిట్టు చాలు. ఇంకేదీ వద్దు" అన్నాడు. "ఉండు అక్కా."

ఆమె ఉండింది. అప్పట్నుంచి పెరుగు చెడిన రోజు పెరుగన్నం ఉండదు. అడిగినవాళ్ళకు ఎందుకు లేదో భరతే చెప్తాడు. కొందరు లేచిపోతారు.

ఐదు ఆదివారాలు వరూధిని రాలేదు. ఆరో వారం ఒక్కతే వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, పాలు లేని నిమ్మకాయ టీ అడిగింది. అంబిక గుమ్మం దాకా వచ్చింది. క్షమించమని అడగాలనుకుంది, అడగలేదు. వరూధిని తలెత్తి ఆమెను చూసింది, నవ్వలేదు. టీ సగం తాగి, అలా వదిలేసి లేచింది.

"వచ్చే వారం మళ్ళీ వస్తా" అంది అంబికతో.