ముందే చెప్పిన సాక్ష్యం

ఆ ఆదివారం లేవి చర్చిలో లేచి నిలబడకుండా ఉండి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. ప్రసంగం అయిపోయింది. సాక్ష్యాల వేళ వచ్చింది. యేసుప్రసాద్ పాస్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూ "ఎవరన్నా ఉన్నారా?" అన్నారు. లేచేవాళ్లు ప్రతి వారమూ లేస్తారు. ఒకరు జ్వరం తగ్గిందంటారు, ఒకరు తప్పిపోయిన బర్రె దొరికిందంటారు. లేవి మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేచినవాడు కాదు. ఆ రోజు ఏం పూనిందో, లేచాడు.

"ప్రభువు నా మీద కనికరపడినాడు. పులివెందుల పక్క గనిలో నాకు పని ఇచ్చినాడు. నెలకు ఇరవై రెండు వేలు. ఉండేదానికి ఇల్లు గూడా వాళ్లే చూపిస్తారు. పై నెల సంసారంతో పోతాండాం. అందరూ ప్రార్థన చేయండి."

సంఘమంతా "స్తోత్రం" అంది. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న అతని భార్య రెజీనా తల తిప్పి చూసింది. సంసారంతో పోతున్నారన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది మరి.

ఇంతకీ నిజంగా వచ్చింది ఏమయ్యా అంటే, ఒక ఫోను. చిన్నాన్న కొడుకు జయపాల్ ఆ గనిలో కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాడు. శనివారం సాయంత్రం ఫోను చేసి "మా కాంట్రాక్టరుతో మాట్లాడినాన్నా, నువ్వు వచ్చేయ్, చూసుకుందాం" అన్నాడు. పని సంగతి అంతే. దాన్ని పట్టుకుని మన లేవి తెల్లారేసరికి దేవుడి ముందు వందనాలు చెప్పేశాడు.

అతన్ని ఒక్కణ్నే అనడానికి లేదు. నందికొట్కూరు చుట్టుపక్కల ఆ సంఘాల్లో అదొక అలవాటు. అడిగింది ఇంకా చేతికి అందకముందే, అందినట్టే చెప్పి కృతజ్ఞత చెల్లిస్తారు. అలా చెబితే విశ్వాసం గట్టిదని లెక్క. పిల్లల పరీక్షలకు చెబుతారు, పెళ్లి సంబంధాలకు చెబుతారు. అనుకున్నది జరగకపోతే జనం మర్యాదగా మరిచిపోతారు. అయితే పిల్లాడు పరీక్ష తప్పితే ఎవరి పొలమూ పోదు. లేవికి పోయింది.

సోమవారం పొద్దున అతను కాలవ కింద తాను కౌలుకు చేసే మూడెకరాల దగ్గరికి పోయేసరికి ట్రాక్టరు దున్నుతోంది. ట్రాక్టరు ఇంకో కౌలు రైతు గోపన్నది. పొలం యజమాని వీరేష్ గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఇదేందప్పా వీరేషూ?"

"నువ్వు పోతాండావంట కదప్పా. ఊరంతా చెప్పుకుంటాంటే గోపన్న వచ్చి అడిగినాడు. సరే అని మాట ఇస్తి."

"నన్నొక మాట అడగొద్దా?"

"దేవుని ముందర చెప్పినావంట కదప్పా. దాని మీద నేనేం అడిగేది?"

లేవికి తల కొట్టేసినట్టయింది. గోపన్న దగ్గరికి పోయి సగం పొలమైనా వదలమని బతిమాలాడు. గోపన్న నొచ్చుకున్నాడు కానీ వదల్లేదు. డీజిలు పోయించుకున్నాడు, విత్తనం తెచ్చుకున్నాడు, ఇప్పుడెట్లా అన్నాడు. ఊళ్లో ఇంకెవరి దగ్గరా కౌలుకు సెంటు భూమి లేదు. అప్పటికే అందరి మాటలూ అయిపోయాయి.

ఇక చూడండి అతని తిరుగుడు. కాలు కాలిన పిల్లిలా ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి టీ అంగడికి, అక్కడినుంచి మళ్లీ ఇంటికి. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచేవాడు. జయపాల్‌కు ఫోను చేస్తే "రా అన్నా, వచ్చినాక మాట్లాడదాం" అనేవాడు తప్ప ఇంకో ముక్క చెప్పేవాడు కాదు. లేవి మాత్రం ఇరవై రెండు వేలు, ఇరవై రెండు వేలు అని జపం చేస్తూనే ఉన్నాడు. ఆ డబ్బుతో మనసులోనే కూతురు జీవితను ఇంగ్లీషు బడిలో వేశాడు, మోటారు సైకిలు కొన్నాడు, ఇంటి పైకప్పు మార్చాడు. జీవిత ఎనిమిదో తరగతి. ఆ పిల్లకు ఇవేవీ తెలియవు.

"అక్కడ బాడుగ ఎంత?" అంది రెజీనా, చేటలో కందిపప్పు చెరుగుతూ.

"ఇల్లు వాళ్లే చూపిస్తారంటాంటే."

"చూపిస్తారు సరే. ఊరికే ఇస్తారా, దుడ్లకిస్తారా? ఈడ ఇల్లు మనది. నీళ్లు కాలవవి, కట్టెలు చేన్లోవి. మిరపకాయల కాలమంతా నేను కూలికి పోతాండా. నా కూలి యాడ పోయింది నీ లెక్కలో?"

నిజమే. రెజీనా కూలి అతని లెక్కలో లేదు. పన్నెండేళ్లుగా ఆ కూలితోనే ఉప్పూ పప్పూ వస్తున్నా, అదొక రాబడి అని అతనికి తోచనే లేదు. తప్పు దొరికిపోయిన మగవాడు ఏం చేస్తాడో అతనూ అదే చేశాడు. అరిచాడు.

"ముందుకు పోదామంటే చాలు, వెనక్కు గుంజుతావు!"

ఆ అరుపుకు పక్కింట్లోంచి పెద్దమ్మ వచ్చింది. లేవి తల్లికి అక్క, తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. ఊళ్లో ఆమె నోటికి జడవనివాళ్లు లేరు.

"పొలం పోగొట్టుకున్యాక ఇంగ అరిచి ఏం లాభం రా? ఈడ చేసేదానికి లేదు. ఆడ ఏముండాదో తెలీదు. ఇద్దరూ పోయి కండ్లారా చూసి రాండి. పిల్లను నేను చూసుకుంటా."

బుధవారం బయల్దేరారు. కర్నూలు పోయి కడప బస్సెక్కారు. కండక్టరు ఆధార్ కార్డు చూసి రెజీనాకు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కదా. లేవి దగ్గర మాత్రం పైసలు లెక్కపెట్టి తీసుకున్నాడు. దారి పొడుగునా లేవి కిటికీ వైపు చూశాడు. ఎండకు మాడిన బీళ్లు, నల్లరాతి గుట్టలు వెనక్కు పోతున్నాయి. కడపలో బస్సు మారి పులివెందుల చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

జయపాల్ బస్టాండులో ఎదురొచ్చి సోడా తాగించాడు. తర్వాత కాంట్రాక్టరు ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడ లెక్కలు రాసే రైటరు మంచివాడే, కుర్చీ వేశాడు. కానీ ఉన్న మాట చెప్పేశాడు.

"ఇప్పుడు లోపలి పనికి ఖాళీ లేదప్పా. రెండు మూడు నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా పైపని ఉండాది, మట్టి ఎత్తేది. అన్నీ పోను చేతికి పదమూడు వేలు వస్తాది. పని ఉన్న రోజులకే."

"మరి ఇల్లు?"

రైటరు జయపాల్ వైపు చూశాడు. జయపాల్ చెప్పుల వైపు చూసుకున్నాడు.

బయటికి రాగానే లేవి అతని చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "ఇరవై రెండు అంటివి కదరా!"

"నా జీతమెంతని నువ్వడిగితివి, చెప్తి. నాకు పదేండ్ల సర్వీసు అన్నా. ఇంటిగలాయన తెలిసినోడు, గది చూపిస్తానంటి. అంతేగదా?"

"సంఘంలో సాక్ష్యం చెప్పుకున్యాను రా!"

"నేను చెప్పమన్న్యానా?" అన్నాడు జయపాల్. అన్నాక తనకే బాధేసి, "రా, ఆ గదన్నా చూద్దాం" అన్నాడు.

గది చూశారు. పైన రేకులు, లోపల ఒక బల్బు. బాడుగ ఐదు వేలు, మూడు నెలలది ముందే కట్టాలి. కరెంటు వేరే, తాగే నీళ్లు కొనుక్కోవాలి. గనికీ ఊరికీ పోయిరావడానికి ఆటో చార్జీలు మళ్లీ. "గని వచ్చినకాణ్నుంచి బాడుగలు కొండెక్కినాయన్నా" అన్నాడు జయపాల్. లేవి ఆ గడప మీదే కూర్చుండిపోయాడు. పదమూడులోంచి ఐదు తీశాడు, ఆటోలు తీశాడు, బియ్యం తీశాడు. జీవిత పుస్తకాల దగ్గరికి వచ్చేసరికే అయిపోయింది. ఆదివారం సంఘం మొహం ఎట్లా చూడాలి? చూడకపోతే మాత్రం, ఊరికిపోయి ఏ పొలం దున్నాలి?

రెజీనా తాగడానికి నీళ్లు అడిగొస్తానని ఎదురుగా ఉన్న అరటికాయల షెడ్డులోకి పోయింది. పోయిన మనిషి ఎంతకూ రాలేదు. లేవికి అసలే మండుతోంది, ఇంకా మండింది. వచ్చేసరికి చీర కుచ్చెళ్లు తడిసి ఉన్నాయి, చేతులకు అరటి జిగురు నల్లగా అంటుకుని ఉంది.

"ఇంతసేపు నీళ్లు తాగుతాంటివా?"

"పని చేసి చూస్తి" అంది రెజీనా.

ఆ షెడ్డులో ఆడవాళ్లు అరటి గెలలు అత్తాలుగా కోసి, తొట్లలో కడిగి, తూకం వేసి, అట్టపెట్టెల్లో సర్దుతారు. లారీలు ఎక్కడెక్కడికో తీసుకుపోతాయి. మనుషులు చాలక మేస్త్రీ సుంకులమ్మ నెత్తి కొట్టుకుంటోంది. పని తెలుసా అని అడిగితే, తెలీదు, చూపిస్తే చేస్తానంది రెజీనా. చూపించింది. చేసింది.

"రోజుకు ఆరు నూర్లు. కాయ లేని నెలల్లో పని తక్కువంట. అయినా షెడ్డు వెనక గదులుండాయి, వాటికి బాడుగ లేదు. కరెంటూ నీళ్లూ వాళ్లవే. గవర్నమెంటు బడి ఈ వీధి చివర ఉండాది, అది గూడా చూసొస్తి. సోమవారం రమ్మన్యారు."

"నిన్నా?"

"నన్నే."

"మరి నేను?"

"నీకు లోడింగు పని ఉందేమోనని అడిగినా. ఇప్పటికి మంది ఉండారంట."

జయపాల్‌కు ఎక్కడో పనున్నట్టు గుర్తొచ్చి వెళ్లిపోయాడు. లేవికి ఒక పక్క ప్రాణం లేచి వచ్చినట్టుంది, బతుకుతెరువు దొరికింది కదా. ఇంకో పక్క ఉక్రోషంగా ఉంది. ఆ రెండూ ఒక్కసారే ఎందుకు కలుగుతున్నాయో అర్థంకాక అతను బస్టాండు దాకా ఆమెకు పదడుగులు ముందే నడిచాడు. బస్సులో మాత్రం కక్కేశాడు.

"పెండ్లాం కూలికి పోతాంటే నేను వెనకాల మూటలు మోసుకుంటా పోవల్లనా?"

"ఇన్నేండ్లు నీ వెనకాల నేను మోయలేదా?"

ముందు సీటులో ముసలాయన వెనక్కు తిరిగి చూశాడు. లేవి గొంతు తగ్గించాడు.

"సరే, పోదాం. వద్దనను. కానీ ఊర్లో గని పనే అని చెప్పుకుందాం. ఈడికొచ్చి ఎవరు చూస్తారు? నాకు రెండు నెలలకో మూడు నెలలకో ఏదో ఒకటి దొరుకుతాది. అప్పుడు ఆ మాట నిజమైపోతాది."

రెజీనా గోళ్లలో ఇరుక్కున్న జిగురు గీకుతూ కూర్చుంది. మైదుకూరు దాటాక అంది: "నువ్వు ఏమన్నా చెప్పుకో. నన్ను మాత్రం అబద్ధానికి ఆమేన్ అనమనొద్దు."

వారంలో మిగిలిన రోజులన్నీ ఆమె సామాన్లు కట్టింది, అతను కట్టినవి విప్పి మళ్లీ కట్టాడు. దారిలో ఎదురైన ప్రతివాడూ "గనికి పోతాండావంటనే, అదృష్టమప్పా!" అనేవాడు. లేవి నవ్వేవాడు. నవ్వినప్పుడల్లా అబద్ధం ఇంకొంచెం బరువెక్కుతోందని అతనికి తెలుస్తూనే ఉంది. శనివారం వీరేష్ కూడా కనబడి, "మంచి పని చేసినావు, ఈ మట్టిలో ఏముండాది" అని భుజం తట్టాడు. ఆ చేతిని విదిలించుకుందామనిపించింది లేవికి.

ఆదివారం వచ్చింది. ఊరు వదిలి పోయే కుటుంబాన్ని సంఘం ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఇంటి యజమాని తల మీద పాస్టరు చెయ్యి ఉంచి, అతనికి దొరికిన పని కోసం ప్రార్థించి పంపించడం అక్కడి రివాజు. లేవి, పక్కన రెజీనా, ఆ పక్కన జీవిత మోకరించారు. రెజీనా కొంగు తల మీదికి లాక్కుంది. చేతుల మీద అరటి మరకలు ఇంకా పోలేదు.

యేసుప్రసాద్ పాస్టరు కళ్లు మూసుకుని లేవి తల మీద చెయ్యి వేశారు.

"మా సహోదరునికి గనిలో పని దయచేసిన తండ్రీ, నీకు వందనాలు. అతని కష్టార్జితంతో ఈ కుటుంబాన్ని పోషించబోతున్న దేవా..."

సంఘం అంతా ఆమేన్ అంది. రెజీనా అనలేదు. అందరి గొంతుల్లోనూ ఆమె గొంతు లేకపోవడం లేవికి ఒక్కడికే వినపడింది. పక్కనే ఆ మరకల చేతులు కనపడుతున్నాయి. రేపటినుంచి తాను తినబోయే అన్నం ఆ చేతులది. దానికి కూడా తన పేరే పెట్టుకుని దేవుడి దగ్గర దీవెన పుచ్చుకుంటున్నాడు. అతనికి ఒళ్లంతా చీదర పుట్టింది.

రెండు చేతులూ ఎత్తి పాస్టరు చేతిని పట్టుకున్నాడు. ప్రార్థన ఆగిపోయింది. పాస్టరు కళ్లు తెరిచేలోపల ఆ చేతిని తన తల మీదినుంచి తీసి రెజీనా తల మీద పెట్టాడు.

"ఈమెకు చేయండి అయ్యగారూ. పని ఈమెకు వచ్చింది. అరటికాయల షెడ్డులో."

మగవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. రెజీనా తల ఎత్తలేదు, కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుంది.

పెద్దమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "మరి నీకు రా?"

"నాకింకా రాలేదు పెద్దమ్మా" అన్నాడు లేవి. "ఆడ పోయి వెతుక్కోవల్ల."

వెనకనుంచి ఎవరో "ఆమేన్" అన్నారు. ఎగతాళికి అన్నారో, మనసారా అన్నారో అతనికి తెలియలేదు. పక్కన రెజీనా మాత్రం మనసారానే అంది. ఆ తర్వాత అతనూ అన్నాడు.