పటం కట్టిన సూది కాగితం

గుల్జార్ బేగం వాళ్ల కుక్క జిలేబికి పిచ్చెక్కిందనీ, ముగ్గుర్ని కరిచిందనీ పక్కింటి కొండమ్మ కుళాయి దగ్గర చెప్పిందట. ఆ మాట సున్నపు బట్టీల దాకా పోయేసరికి ముగ్గురు కాస్తా ఆరుగురయ్యారు. నిజానికి కరిపించుకున్నవాడు ఒక్కడే, లారీ ఆఫీసు గుమాస్తా త్రికోటేశ్వరరావు. నిద్రపోతున్న కుక్క తోక తొక్కాడు. అది లేచి పిక్క పట్టింది.

పిడుగురాళ్లలో ఆ ఎండాకాలం ఎవరి నోట విన్నా పిచ్చికుక్కల భయమే. త్రికోటేశ్వరరావు ముందు కుంటుతూ, వెనక పదిమంది కర్రలతో గుల్జార్ బేగం ఇంట్లోకి వచ్చిపడ్డారు. మంచం కోడుకు కట్టేసిన జిలేబి, చుట్టాలొచ్చారనుకుని తోకాడించింది.

"పక్కకి జరుగక్కా! పిచ్చికుక్కని ఇంట్లో పెట్టుకుంటావా?" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"పిచ్చేందిరా? నరసరావుపేట పశువులాసుపత్రిలో సూది ఏయించా. కాగితం ఉంది."

"ఏదీ, చూపియ్!"

"తల పైకెత్తు, కనపడుద్ది."

గోడ మీద, మొగుడు ఇమాం సాహెబ్‌తో దిగిన పెళ్లి ఫోటో పక్కన, దానికన్నా పెద్ద అద్దం పటంలో ఉంది కాగితం. గుండ్రటి సర్కారు ముద్ర చూసి ముచ్చటపడి కట్టించింది.

త్రికోటేశ్వరరావు స్టూలెక్కి చదివాడు. "కుక్క పేరు జిలేబి. యజమాని ఇమాం సాహెబ్. మందు పేరుంది, ముద్రుంది. మరి తేదీ ఏది?"

అందరూ మెడలు చాచారు. సరిగ్గా తేదీ ఉన్నచోటే పటాల షాపువాడు బంగారు రంగు అంచు అతికించాడు.

"ఏ కాలం నాటిదో ఏమో! కొట్టండ్రా!"

కర్రలు లేచాయి. గుల్జార్ బేగం ఒకడి చేతిలో కర్ర లాక్కుంది. జనం వెనక్కి దూకారు. ఆమె కొట్టిన దెబ్బ పటం మీద పడింది. అద్దం భళ్లుమంది. గాజుముక్కల్లోంచి కాగితం లాగి, అంచు గోటితో గీకి, త్రికోటేశ్వరరావు కళ్ల ముందు పెట్టింది.

"చదవరా! గట్టిగా!"

"పద్దెనిమిది, రెండు, ఎనభై అయిదు..." వేళ్లు మడిచి చూసుకున్నాడు. "ఒరేయ్, మూడు నెల్లే అయింది! ఏడాది పనిచేస్తదని కిందే రాశారు!"

ఇల్లంతా ఈలలు, కేకలు. కర్రలు పట్టుకొచ్చినవాళ్లే కుక్కకి బిస్కెట్లు తెమ్మని అరిచారు. "డాక్టరుకి చూపించొస్తానక్కా, బొడ్డు చుట్టూ సూదులు తప్పుతయ్యేమో!" అని త్రికోటేశ్వరరావు కాగితం అడిగాడు. అతని కుంటు అప్పటికే సగం తగ్గింది.

అప్పుడొచ్చింది కొండమ్మ. గాజుముక్కలు చూసి బుగ్గన వేలేసుకుంది.

"ఏమే గుల్జారూ, కుక్క కాగితానికి పటమేందే? అందర్లా పెట్టెలో, చీరల కింద దాచుకోవచ్చుగా?"

"పెట్టెలో పెడితే, నేను తాళంచెవి ఎతుక్కునేలోపు మీరంతా కలిసి దాన్ని చంపేసేవోళ్లు."