తీర్థకట్ట వీధిలో ఆగిన బండి

1977 ఆగస్టు తొమ్మిది, మంగళవారం ఉదయం ఏడున్నరకు తిరుపతి తీర్థకట్ట వీధిలో హజరత్ వలి జట్కాబండి ఆగింది. ఆపింది అతను కాదు, గుర్రం.

బండిలో సత్రం నుంచి స్టేషనుకు పోతున్న కుటుంబం ఉంది. వలి పగ్గాలు విదిలించాడు. దిగి ముందుకు లాగాడు. గుర్రం చెవులు వెనక్కి పెట్టి నిలబడింది. బండిలోని పెద్దాయన దిగి, కాసేపు తిట్టి, మళ్ళీ ఎక్కాడు. గుర్రం నడిచింది. వీళ్ళు ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి గార్డు జెండా ఊపుతున్నాడు.

వలి ముందురోజు సాయంత్రమే వేలూరు నుంచి వచ్చాడు. తల్లి సుభాన్‌బీకి అక్కడి ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్ అయింది. ఇరవై నాలుగు రోజులు మంచం పక్కనే ఉన్నాడు. ఇప్పుడు ఆమె ఇంట్లో లేచి కూర్చుంటోంది. అన్ని రోజులూ బండి తోలింది పక్కింటి ఏకాంబరం. అతన్ని అడుగుదామంటే ఊళ్ళో లేడు. సోమవారం అటక మీంచి గడ్డి దించుతూ జారిపడి, చేతికి కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు పోయాడు.

బుధవారం కూడా అదే చోట, అదే ఆకుపచ్చ తలుపు ముందు గుర్రం ఆగింది. బండిలోవాళ్ళు సామాన్లు ఎత్తుకుని నడిచారు. వాళ్ళలో ఒకడు గొడుగు మరిచి వెనక్కి వచ్చి బండి వెనక మెట్టెక్కాడు. గుర్రం కదిలింది. అతను గొడుగుతో కిందికి దూకాల్సి వచ్చింది. ఆ రైలు వాళ్ళకు అందలేదు.

సత్రం మేనేజరు గోవిందయ్య వలిని పిలిపించాడు.

"ఏమప్పా, గుర్రం తోల్తా ఉండావా, గుర్రం నిన్ను తోల్తా ఉండాదా?"

"రెండు దినాలుగా ఇట్ల చేస్తా ఉండాది సామీ. ఎందుకో కనుక్కుంటా."

"రేపు నేనే ఎక్కుతా. దారిలో ఆగిందంటే, పొద్దుటి బండికి ఇంకొకర్ని సూసుకుంటా."

ఇంటి ఖర్చు నడిచేది సత్రం పొద్దుటి బండితోనే. స్టేషన్ ముందు బండ్లవాళ్ళకు సంగతి అప్పటికే తెలిసింది.

"ఆ వీధిలో దానికి సంబంధం కుదిరినట్టుండాది. తాంబూలాలకు మమ్మల్ని పిలవప్పా" అన్నాడు మునిరామయ్య.

వలి నవ్వలేదు. గొడుగు గురించి ఆలోచిస్తున్నాడు. పదకొండు గంటలకు ఖాళీ బండిని తీర్థకట్ట వీధికి తోలాడు. గుర్రం ఆగింది. వలి దిగి వెనక్కి పోయి, మెట్టు మీద కాలు పెట్టి బరువు మోపాడు. గుర్రం నాలుగడుగులు వేసింది. బండిని వెనక్కి తిప్పి తెచ్చి మళ్ళీ చూశాడు. మళ్ళీ అంతే.

గుర్రాన్ని కదిలించే కిటుకు దొరికింది. రేపు ఆగినా దిగి మెట్టెక్కితే చాలు. కానీ ఇక్కడ ఎక్కే మనిషి ఎవరు?

ఆకుపచ్చ తలుపుకు తాళం ఉంది. ఎదురింటి నాగులమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"జ్ఞానాంబ కోసమా? నాలుక్కు గాని రాదు. రెండు దినాలుగా తెల్లారి ఆరుకే నడిచి పోతా ఉండాది, పెద్దాసుపత్రికి."

నాలుగున్నరకు వలి మళ్ళీ వచ్చాడు. జ్ఞానాంబకు నలభై అయిదేళ్ళుంటాయి. చేతిలో ఖాళీ క్యారియర్ ఉంది. బండిని చూసి, ఎవరని అడగకుండానే మాట్లాడింది.

"నువ్వేనా వలి? ఏకాంబరం సెప్పినాడు. సత్రం వాళ్ళతో బాటే నన్నూ ఎక్కించుకుని, వాళ్ళని దించినాక ఆసుపత్రి కాడ దించేవాడు. బండి గలాయన వస్తా ఉండాడు, ఇంక నాది కాదు అన్నాడు. సరేలే అనుకున్నా."

"నాతో ఒక మాట అనలేదమ్మా వాడు."

"నేనూ అడగలేదు గదబ్బా."

"ఆసుపత్రిలో ఎవరున్నారు?"

"మా నాయన. కాలికి పుండు. రేపటికి ఇరవై దినాలు."

"మాకు ఇరవై నాలుగు పట్టింది" అన్నాడు వలి. ఆ తర్వాత, "రేపు ఏడున్నరకు వాకిట్లో ఉండండి. లోపల ఉండద్దు" అన్నాడు.

గురువారం సత్రం వాళ్ళు ముగ్గురు వెనక కూర్చున్నారు. గోవిందయ్య వలి పక్కన కూర్చున్నాడు. ఆకుపచ్చ తలుపు ముందు గుర్రం ఆగింది.

"ఆగింది" అన్నాడు గోవిందయ్య.

"ఆగుతుంది సామీ. ఈడ ఒకామె ఎక్కుతుంది. రోజూ ఎక్కుతుంది."

"ఎవుర్నడిగి?"

వలి జవాబు చెప్పేలోపు జ్ఞానాంబ క్యారియర్‌తో మెట్టెక్కింది. లోపలివాళ్ళు ముందుకు జరిగారు. గుర్రం నడిచింది. గోవిందయ్య వెనక్కి తిరిగి ఆమెను చూశాడు, క్యారియర్‌ను చూశాడు. తర్వాత జేబులోంచి గడియారం తీశాడు.

ఏడూ నలభై అయిదుకు సత్రం వాళ్ళు స్టేషన్ దగ్గర దిగారు. రైలు ఎనిమిదింటికి. గోవిందయ్య కూడా అక్కడే దిగి, సత్రానికి నడిచాడు. ఎనిమిదీ పదికి జ్ఞానాంబ పెద్దాసుపత్రి గేటు దగ్గర దిగింది.

శుక్రవారం ఉదయం సత్రం పలక మీద స్టేషన్ బండికి ఎదురుగా హజరత్ వలి పేరు రాసి ఉంది. సత్రం నుంచి బయలుదేరే వేళ ఏడూ ఇరవై అయిదు బదులు ఏడుంబావు అని వేశారు, దారిలో ఒకరు ఎక్కడానికి వీలుగా.